మావాడు కాని ఫుల్ బ్యాక్

పంతొమ్మిది వందల నలభై ఒకటి. వానలు తగ్గాయి. ఇంద్రావతి తన గట్ల మధ్యకు తిరిగి వచ్చింది. భోపాలపట్నానికి బయటి ప్రపంచంతో మళ్ళీ మాటలు కలిశాయి. బస్తర్ సంస్థానంలో మాది తెలుగు మాట్లాడే మూల. నేను అక్కడి ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో గుమాస్తాను. టేకు దుంగలకు నంబర్లు వేయించడం, పర్మిట్లు రాయడం నా ఉద్యోగం. దానితోపాటు హాకీ క్లబ్బుకు సెక్రటరీని. రెండో పనికి జీతం లేదు కాబట్టి దాన్నే శ్రద్ధగా చేసేవాణ్ణి.

ఈ పదవికి నా అర్హత గురించి ఒక మాట చెప్పాలి. రాజమండ్రి కాలేజీలో చదివినన్నాళ్ళూ నేను హాకీ జట్టులో రిజర్వ్ ఆటగాణ్ణి. రిజర్వ్ అంటే ఎవరికైనా కాలు విరిగితే ఆడేవాడు. మా కాలేజీలో అందరి కాళ్ళూ గట్టివి. అయినా కాలేజీ హాకీ ఆడినవాడన్న పేరు నాకంటే ముందే భోపాలపట్నం చేరిపోయింది. నేనూ ఖండించలేదు.

సెక్రటరీ అంటే మైదానం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాడని చాలామంది అనుకుంటారు. మా మైదానంలో కుర్చీ లేదు. ఆదివారం సంత విడిచాక ఆ స్థలంలోనే ఆట. ముందు ఎద్దుల పేడ తీయించాలి. తర్వాత బంతికి తెల్లరంగు వేయించాలి. ఆ తర్వాత పదకొండు మందిని పోగుచేయాలి. మా ఆటగాళ్ళు ఫారెస్ట్ గార్డులు, పోలీసు జవాన్లు, బడి బంట్రోతు. సంస్థానంలోని జట్లన్నీ ఇంతే. అందుకని ఒక ఊరి జట్టు ఇంకో ఊరి ఆటగాణ్ణి కావాలనుకుంటే బేరం కుదుర్చుకుని, అటు ఒకరిని ఇటు ఒకరిని ట్రాన్స్‌ఫర్ చేయించుకునేవారు. ఆర్డర్లో "ప్రజాప్రయోజనం దృష్ట్యా" అని రాసేవారు. ఫలానా గార్డు ఫలానా రేంజికి పోతే ప్రజలకు ఒరిగేదేమిటని ఏ ప్రజలూ అడగలేదు.

మాకు ఒక ఫుల్ బ్యాక్ ఉండేవాడు. గోల్‌కీపర్ ముందు నిలబడి, వచ్చే దాడిని ఆపే ఇద్దరిని ఫుల్ బ్యాక్‌లంటారు. మా ఆటగాడి పేరు జోగా. తర్లగూడ దారిలో ఉన్న ఒక చిన్న పల్లె నుంచి ఆదివారం ఆదివారం నడిచి వచ్చేవాడు. ఇరవై నిండని దొర్ల తెగ యువకుడు. పసులు కాసేటప్పుడు వంకర కర్రలతో వెదురు దుంపను కొట్టుకునే ఆట ఒకటి ఆ పల్లెల్లో ఉంది. ఆ దుంప ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. దాన్ని ఆపడం నేర్చినవాడికి మా గుండ్రటి బంతి మరీ బుద్ధిమంతురాలిగా కనిపించి ఉండాలి. జోగా పరుగెత్తినట్టు ఉండేవాడు కాదు, గట్టిగా కొట్టినట్టూ ఉండేవాడు కాదు. ఎదుటివాడు బంతి తీసుకుని వచ్చేవాడు, బంతి లేకుండా వెళ్ళేవాడు. ఆ రెంటికీ మధ్య ఏం జరిగిందో చూద్దామని నేను చాలాసార్లు కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడ్డాను. లాభం లేకపోయింది.

జోగా వచ్చాక మేము ఓడిపోవడం మానేశాం. గెలవడం మాత్రం మొదలుపెట్టలేదు. ఎందుకంటే మా జట్టులో గోల్ కొట్టేవాడు లేడు.

ఆ సంగతి జగదల్‌పూర్ వాళ్ళకు తెలిసింది. అక్కడి క్లబ్బు సెక్రటరీ ఒక వకీలు. ఆయన దగ్గర్నుంచి ప్రతిపాదన వచ్చింది. జోగాను తమకివ్వాలి. బదులుగా తమ సెంటర్ ఫార్వర్డ్ బద్రీ హవల్దారును మేము తీసుకోవాలి. సెంటర్ ఫార్వర్డ్ అంటే ముందు వరసలో మధ్యన ఉండి గోల్ కొట్టేవాడు, అంటే మాకు లేనివాడు. మేము ఒప్పుకుంటామని వకీలుగారికి ఎంత నమ్మకమంటే, ఆ ప్రతిపాదనను హవల్దారు చేతికే ఇచ్చి, రేకుపెట్టెతో సహా పంపించేశాడు.

హవల్దారుది అవధ్ వైపు పల్లె. ఉద్యోగం వెతుక్కుంటూ బస్తర్ వచ్చి పోలీసులో చేరినవాడు. పెద్ద మీసాలు, సాధు స్వభావం. వచ్చిన ఆదివారమే మైదానంలోకి దించి చూశాం. ఆట మొదలైన కాసేపటికే అద్భుతమైన గోల్ కొట్టాడు. మిగిలిన ఆటంతా దాన్ని తలుచుకుంటూ నిలబడ్డాడు.

కమిటీ నరసింహులు సావుకారి దుకాణం వరండాలో కూర్చుంది. కమిటీ అంటే ముగ్గురం. క్లబ్బు అధ్యక్షుడు మా రేంజర్ సాబ్, రాయ్‌పూర్ వైపు మనిషి, మా మధ్య పదేళ్ళుండి తెలుగు పట్టుబడ్డవాడు. రెండోవాడు ఉప్పూ బట్టలూ అమ్మే సావుకారి. మాకు బంతులు కొనిచ్చేది ఆయనే. మూడో మనిషిని నేను. హవల్దారు అక్కడే మూట మీద కూర్చుని, తన గురించి జరుగుతున్న చర్చను చాయ్ తాగుతూ వింటున్నాడు. లోపలికి పొమ్మనడం మర్యాద కాదని మేమూ ఊరుకున్నాం.

"సావుకారీ, పోయిన ఏడాది మనం ఎన్ని గోల్స్ కొట్టాం?" అన్నాడు రేంజర్ సాబ్.

"కొట్టలే."

"బస్. గోల్ కొట్టకుండా గెలిచే తరీకా ఏదైనా ఉంటే మీరు చెప్పండి."

"ఓడిపోతలేం గద సాబ్. ఆ పోరడు రాకముందు కోంటకు పోయి ఆరు గోల్స్ తిని వచ్చినం. యాదికున్నదా?"

"ఓడిపోకపోవడం కూడా ఒక ఆటేనా?"

"మా వ్యాపారంల అదే పెద్ద ఆట."

రేంజర్ సాబ్ నా వైపు తిరిగాడు. నేను కాగితం చూసి, హవల్దారు వయసు ముప్ఫై నాలుగని చదివాను.

"ఎన్నేండ్ల సంది?" అన్నాడు సావుకారి.

హవల్దారు కప్పు కింద పెట్టి, "సేఠ్‌జీ, మోకాలు ఒకటి బాగుంది," అన్నాడు. ఆ చర్చ మొత్తంలో దాపరికం లేని మాట అదొక్కటే.

"వింటిరా?" అన్నాడు సావుకారి. "సంతల ముసలెద్దును తోలుకొచ్చి కోడెను పట్కపోతమంటుంటే, మనం పలుపు గూడ ఇచ్చి పంపుదుమా?"

"కోడె రేపు ఏమవుతుందో మీకు తెలుసా? కాలు విరగొచ్చు. జ్వరం రావచ్చు. పెళ్ళి కావచ్చు."

"పెండ్లయితే ఆట పోతదా సాబ్?"

"నాది పోయింది," అన్నాడు రేంజర్ సాబ్.

ఇలా రెండు వారాలు నడిచింది. ఈ ఏడాది గెలవాలా, పదేళ్ళు ఓడిపోకుండా ఉండాలా అన్నది ప్రశ్న. వాదనలు రెండు వైపులా బాగుండేవి. నేను ఎవరు మాట్లాడితే వారితో ఏకీభవించాను. చివరికి రేంజర్ సాబ్ అధ్యక్షుడు కాబట్టి ఆయన వాదన గెలిచింది. జోగా ప్రభుత్వోద్యోగి కాడు. ఉద్యోగి కానివాణ్ణి ట్రాన్స్‌ఫర్ చేయలేం. కనుక ముందు అతన్ని ఫారెస్ట్ వాచర్‌గా వేసుకుని, వేసుకున్న చేత్తోనే జగదల్‌పూర్‌కు పంపాలని తీర్మానించాం. ఈ శుభవార్త అతనికి చెప్పే పని నాకు పడింది. అంతవరకూ అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. బంతిని ఎటు కొడుతున్నామో బంతిని అడుగుతామా?

సైకిల్ మీద బయల్దేరాను. ఊరు చూస్తానని హవల్దారు కూడా వచ్చాడు. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుంటే సైకిల్ ముందుకు పోలేదు, అందుకని ముగ్గురం, అంటే ఆయనా నేనూ సైకిలూ, నడిచి వెళ్ళాం.

జోగా పొలంలో ఉన్నాడు. వరి పొట్ట మీదుంది. గట్టు తెగినచోట మట్టి వేస్తున్నాడు. నేను విషయమంతా చెప్పాను. జగదల్‌పూర్, కొత్త బూట్లు, వాచర్ ఉద్యోగం, దసరా ఆటలు. విన్నాడు. ముఖంలో సంతోషం వచ్చింది, వచ్చి అక్కడే ఆగిపోయింది.

"మంచిదే బాబు," అన్నాడు. "మామనడుగు."

పెద్దవాళ్ళ మీద గౌరవం కొద్దీ అన్నాడనుకున్నాను. ఆ పొలం వెనకే ఇల్లు. మామ పేరు సమ్మయ్య. వాకిట్లో తాడు పేనుతూ కూర్చున్నాడు. బక్కపలచని మనిషి. మాట తొందర లేదు. నేను మళ్ళీ మొదట్నుంచి చెప్పాను.

సమ్మయ్య తాడు పేనడం ఆపలేదు. "నా తాన ఉన్నోన్ని మీరు ఎవలికో ఇచ్చిన్రట," అన్నాడు. "మంచిగున్నది. నాకెవల్నిస్తున్నరు?"

అప్పుడు తెలిసింది మాకు. ఆ వైపు లంసేన అని ఒక ఆచారం ఉంది. పిల్ల తండ్రికి ఓలి, అంటే కన్యాశుల్కం, ఇచ్చుకోలేని పిల్లవాడు, పెళ్ళికి ముందే వచ్చి వాళ్ళింట్లో ఉండి, ఒప్పుకున్నన్ని పంటలు పని చేస్తాడు. మన ఇల్లరికంలో పెళ్ళి ముందు, చాకిరీ తర్వాత. ఇందులో చాకిరీ ముందు. జోగాకు తల్లిదండ్రులు లేరు, ఎడ్లు లేవు. సమ్మయ్య కూతురు సారక్క కోసం మూడు పంటలకు ఒప్పుకుని వచ్చాడు. రెండు అయ్యాయి. మూడోది పొలంలో నిలబడి ఉంది. అది ఇల్లు చేరకముందు మనిషి వెళ్ళిపోతే లెక్కంతా చెరిగిపోతుంది. మూడేళ్ళు కూలి చేసినట్టు చూసి, ఒక పంచె పెట్టి పంపిస్తారు. పిల్లను ఇంకొకరికి ఇస్తారు.

అంటే మేము రెండు వారాలు తలలు బద్దలుకొట్టుకుని మారకం వేసింది మా ఆటగాణ్ణి కాదు. సమ్మయ్య మాకు ఆదివారాలు అరువిచ్చిన మనిషిని.

"మరి ఇన్నాళ్ళూ ఆటకెట్లా పంపావు సమ్మన్నా?" అన్నాను.

"ఆడుకుంటనన్నడు. పో అన్న. ఎద్దుకే ఓ పూట ఇడుపు ఉంటది."

గుడిసె లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది. "ఆయితారం ఆయితారం పసులెనక నేను పోయిన బాబు. మీ క్లబ్బుల నా పేరు గూడ రాసుకోవాలె."

సారక్క బయటికి వచ్చి, గుంజకు ఆనుకుని నిలబడింది. అప్పటికి జోగా కూడా వచ్చి దూరంగా కూర్చున్నాడు. ఆమె అతనివైపు చూడకుండా నాతోనే మాట్లాడింది.

"ఈడుంటే మా అయ్యకు పని చేస్తడు. ఆడుంటే మీకు చేస్తడు. నాకెప్పుడు చేస్తడో అది గూడ మీ కాయితంల రాయి."

జోగా నేలవైపు చూసి నవ్వుకున్నాడు.

"పోవద్దంటవా?" అన్నాడు సమ్మయ్య కూతురితో.

"పోనీయే అయ్యా. పోకపోతే జల్మంత అదే చెప్తడు. జగదల్‌పూరు పోయేటోన్ని, పోయేటోన్ని అని. ఎవలింటరు?"

సమ్మయ్య తాడు పక్కన పెట్టాడు. ఆ తర్వాత జరిగిన చర్చ మా కమిటీ చర్చలాగే ఉంది, కాకపోతే వేగంగా ముగిసింది. దసరా తర్వాత కోతలు. కోతలకు మనిషి కావాలి. జోగా బదులు ఎవరు? నేను హవల్దారు వైపు చూశాను, ఇంకెవరూ లేరు కాబట్టి.

"ముసలోడే," అన్నాడు సమ్మయ్య.

"ముప్ఫై నాలుగు," అన్నాను.

"ఏంది?" అన్నాడు సమ్మయ్య. నేను రెట్టించలేదు.

ఆయన హవల్దారు మోకాళ్ళ జోలికి పోలేదు. చేతులు చాపమన్నాడు. అరచేతులు తిప్పి చూశాడు. "ఎడ్లు తెల్సునా?" అన్నాడు.

"అరే భాయీ," అన్నాడు హవల్దారు. వచ్చిన ఇన్ని రోజుల్లో ఆయన ముఖం అంత వెలగడం నేను చూడలేదు. "బైల్ వెనకే, ఎద్దుల వెనకే పెద్దయినా. పోలీసులో ఎవడూ బైల్ ఇవ్వడు."

ఇంకొక చిక్కు మిగిలింది. పరాయివాడు కోస్తే అది కూలి. అన్న వచ్చి కోస్తేనే తమ్ముడి లెక్కలో పడుతుంది. దానికి సమ్మయ్య ఎక్కువ ఆలోచించలేదు. ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, చెరొక ఆకుదొప్పలో ఇప్పసారా పోశాడు. ఊరి పెద్ద ఒకాయన్ని పిలిచి చూడమన్నాడు. హవల్దారు ఊపిరి బిగబట్టి తాగాడు. తాగాక ఆయన దొర్ల జోగాకు అన్న. మా ఆఫీసులో ఒక పేరులో అక్షరం మార్చడానికి ఆర్నెల్లు పట్టేది.

"కొయ్యనీకి అన్న సాలు," అన్నాడు సమ్మయ్య. "కని ఓ మాట బాబు. కళ్ళంల తొలి గంప ఆడే ఎత్తాలె. పెద్దలు సూస్తుండంగ, పొద్దు గూకకముందు మా ఇంట్ల పొయ్యాలె. ఆ పొద్దుకు లేకపోతే అన్న లేడు, తమ్ముడు లేడు."

ఈ షరతు జగదల్‌పూర్ వకీలుకు రాశాను. కళ్ళం రోజుకు తప్పక పంపుతామని ఆయన మాటిచ్చాడు.

దసరాకు జట్టంతా జగదల్‌పూర్ వెళ్ళాం. మా మొదటి ఆట వాళ్ళతోనే పడింది. జోగా అటు, హవల్దారు ఇటు. ఒకసారి హవల్దారు బంతితో నేరుగా జోగా మీదికే వెళ్ళాడు. జోగా బంతిని ఎంత నెమ్మదిగా తీసుకున్నాడంటే, హవల్దారు అది ఇంకా తన దగ్గరే ఉందనుకుని కొంత దూరం పరుగెత్తాడు. తర్వాత ఆగి, వెనక్కి చూసి, గట్టు మీద ఉన్న మాతో "మా తమ్ముడు" అన్నాడు. ఒక గోల్ తేడాతో ఓడిపోయాం.

"ఇగ ఓడిపోవుడు గూడ షురూ జేసినం," అన్నాడు సావుకారి. రేంజర్ సాబ్ ఆ సాయంత్రం దసరా ఊరేగింపు రథం గురించే మాట్లాడాడు.

మేము తిరిగి వచ్చేశాం. జోగా అక్కడే ఉండిపోయాడు. కోతలు మొదలయ్యాయి. హవల్దారు మా ఆఫీసు పక్క గదిలో ఉండేవాడు గానీ, రెండో రోజు నుంచే సమ్మయ్య వాకిట్లో మంచం వేసుకున్నాడు. వంగి కోయడానికి మోకాలు ఒప్పుకోకపోతే కూర్చుని కోసేవాడు. ఎడ్లకు హిందీలో చెబితే అవి దొర్లలో అర్థం చేసుకునేవి. ఆదివారం ఆటకు రమ్మంటే, పని ఉందనేవాడు. అంటే మాకు ఫుల్ బ్యాకూ లేడు, సెంటర్ ఫార్వర్డూ లేడు. ఇంత పూర్తిగా నష్టపోయిన మారకం ఇంకొకటి నాకు తెలియదు.

కళ్ళం దగ్గరపడుతుండగా వకీలు నుంచి కబురు వచ్చింది. రాయ్‌పూర్‌లో పెద్ద ఆటల తేదీలు ముందుకు జరిగాయట. దూరదూరాల క్లబ్బుల వాళ్ళు వచ్చి ఆటగాళ్ళను చూస్తారట. జోగాకు అది జీవితంలో ఒకసారి వచ్చే అవకాశమట. అది ముగియగానే పంపిస్తారట. చదివితే తప్పేమీ కనిపించదు, వకీలు రాసింది కదా.

కమిటీ మళ్ళీ వరండాలో కూర్చుంది. ఈసారి రెండు వారాలు పట్టలేదు.

"సమ్మయ్యకు చెప్పి నాలుగు దినాలు ఆపమందామా?" అన్నాను.

"కళ్ళం ఆగుతదా? కోసిన పంట కుప్ప మీదున్నది. మబ్బు పడితే మొలకలొస్తయి," అన్నాడు సావుకారి. "నా ఉప్పు బండ్లు జగదల్‌పూర్ల ఉన్నయి. రేపు ఓ మనిషిని పంపుత. పోరని చెవిల మాట పడాలె. ఆ మీద ఆని ఇష్టం."

రేంజర్ సాబ్ చాలాసేపు మీసం సవరించుకున్నాడు. మారకం ఆయన కోరిందే. తర్వాత ఒక ఆర్డరు రాయమన్నాడు. ఫారెస్ట్ వాచర్ జోగా వెంటనే భోపాలపట్నం రావాలి, అడవి మంటల నివారణకు.

"సాబ్, పుష్యమాసం," అన్నాను. "పొద్దున పది దాకా చెట్ల మీంచి మంచు కారుతోంది."

"ముందు జాగ్రత్త," అన్నాడు ఆయన.

ఆ ఆర్డరు తీరిగ్గా వెళ్ళింది. సావుకారి మనిషి మాత్రం త్వరగా వెళ్ళాడు. జోగా ఏం చేస్తాడో మాకెవరికీ తెలియదు. బూట్లు వేసుకుని, వందల మంది చూస్తుండగా ఆడిన మనిషి. ఒక పక్క రాయ్‌పూర్, ఇంకో పక్క వడ్ల గంప.

కళ్ళం రోజు వచ్చింది. మేము ముగ్గురం పొద్దున్నే వెళ్ళాం. కుప్ప విప్పి పరిచారు. సమ్మయ్య ఎడ్లను కట్టి తొక్కించడం మొదలుపెట్టాడు. ఒక పక్క గొంగడి మీద ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. గంప సిద్ధంగా ఉంది. జోగా లేడు.

మధ్యాహ్నం దాటేసరికి గింజంతా రాలింది. అది నాకే తెలిసిందంటే ఎవరికైనా తెలుస్తుంది. సమ్మయ్య మాత్రం ఎడ్లను ఆపలేదు.

"సమ్మయ్యా, రాలింది," అన్నాడు ఒక పెద్ద.

"అడుగునున్నది," అని గడ్డి తిరగేయించి, మళ్ళీ తోలాడు.

ఇంకా కొంత పొద్దు గడిచింది. "ఇంకేం రాలుతయి సమ్మన్నా? ఇగ ఎడ్ల పండ్లు రాలాలె," అన్నాడు సావుకారి. సమ్మయ్య ఆయనవైపు చూశాడు. సావుకారి వ్యాపారస్థుడు, చూపు అర్థమైంది. వెంటనే వంగి ఒక పరక తీసి, "నిజమే, ఇగో, ఓ గింజున్నది," అన్నాడు.

ఆ తర్వాత ఎవరికి తోచినట్టు వారు పనిచేశారు. హవల్దారు ఎడ్లను ఆపి, బాగానే ఉన్న పలుపును విప్పి మళ్ళీ కట్టాడు. సారక్క ఎడ్లకు కుండతో నీళ్ళు తెచ్చింది. అవి తాగలేదు. ఇంకో కుండ తెచ్చింది. పెద్దల్లో ఒకాయన లేచి, "పొద్దు వాలింది, గంప ఎత్తేటోడు ఏడి?" అని అడిగేసరికి, రేంజర్ సాబ్ కూడా లేచాడు.

"ఈ కళ్ళం రిజర్వ్ ఫారెస్టులో ఉందా, బయట ఉందా?" అన్నాడు.

అందరూ ఆయన్ని చూశారు.

"హద్దు రాయి ఎక్కడ? అది తేలేదాకా ఇక్కడ్నుంచి గింజ కదలకూడదు. బాబూ, కొలవండి."

నేను కొలిచాను. గొలుసు లేదు కాబట్టి అడుగులతో కొలిచాను. కొలత తప్పిందని మళ్ళీ కొలిచాను. అన్నేళ్ళ సర్వీసులో మా శాఖ జోక్యం చేసుకుంటే ఒక పల్లె ఊపిరి పీల్చుకోవడం అదొక్కసారే చూశాను. సమ్మయ్య ఎడ్లు ఉత్త గడ్డి మీద తిరుగుతూనే ఉన్నాయి. ఎవరూ ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేదు. పొద్దు చెట్ల కొసలకు దిగింది. సారక్క కళ్ళం అంచున నిలబడి, దారివైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడుతోంది.

జోగా ఆ దారినే వచ్చాడు. బూట్లు మెడలో వేలాడుతున్నాయి. మోకాళ్ళ దాకా ఎర్రటి దుమ్ము. చేతిలో హాకీ కర్ర. ఆవపల్లి దాకా సావుకారి బండ్లలో వచ్చి, అక్కడ్నుంచి నడిచాడని తర్వాత తెలిసింది. కళ్ళంలోకి వచ్చి, అందరినీ చూసి ఆగాడు.

సారక్క కర్ర అతని చేతిలోంచి తీసుకుంది. "గంప ఆడున్నది," అంది.

సమ్మయ్య ఎడ్లను ఆపాడు. "ఇగ రాలింది," అన్నాడు.

జోగా గంప నింపుకుని తలకెత్తుకున్నాడు. పెద్దలు లేచారు. ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. పొద్దు పూర్తిగా గూకకముందే గింజలు గాదెలో పడిన చప్పుడు మాకు బయటికి వినిపించింది. హవల్దారు తలపాగా కొసతో ముఖం తుడుచుకుంటూ, దుమ్ము అన్నాడు. కళ్ళంలో దుమ్ము ఉండడం సహజమే.

మాఘమాసంలో పెళ్ళి. మేమంతా వెళ్ళాం. వకీలు నుంచి కోపంగా ఉత్తరాలు వచ్చాయి. అడవి మంటల ఆర్డరు నకలు జతచేసి, వినయంగా జవాబులు రాశాను. రాయ్‌పూర్‌లో జగదల్‌పూర్ ఓడిపోయింది. ఎన్ని గోల్స్ తేడాతోనో ఆయన రాయలేదు కాబట్టి చాలానే అయ్యుండాలి. హవల్దారును తిరిగి పంపమన్నారు. రావాల్సిన హుకుం రాగానే వెళ్తానని ఆయనన్నాడు. హుకుం వానాకాలం దాకా రాలేదు. అప్పటికి విత్తనాలు మొదలయ్యాయని ఆయనే ఇంకొన్నాళ్ళు సెలవు పెట్టాడు.

జోగా మళ్ళీ ఆదివారాలు మాకు ఆడాడు. రాయ్‌పూర్ పోలేదని బాధగా ఉందా అని ఒకసారి అడిగాను. "ఉంటది బాబు," అన్నాడు. మళ్ళీ తనే, "రాయ్‌పూర్ ఏడికి పోతది? ఆడనే ఉంటది. వడ్లు ఉండయి," అన్నాడు. ఆ పైన బంతి తీసుకురమ్మని నన్నే పంపించాడు.

సమ్మయ్యను కూడా అడిగాను. బేరంలో అంత గట్టిగా నిలబడ్డ మనిషివి, ఆ రోజు ఎడ్లను అంతసేపు ఎందుకు తిప్పావని. ఆయన అదే తాడో, అలాంటిదే ఇంకొకటో పేనుతున్నాడు.

"ఎడ్లు నా మాట ఇంటయి. నీ జగదల్‌పూరు ఇనదు," అన్నాడు. "ఇనేటోళ్ళకు చెప్పిన."

ఆ తర్వాత సర్వీసులో నా చేతి మీదుగా చాలా ట్రాన్స్‌ఫర్లు నడిచాయి, హాకీవీ, హాకీ కానివీ. ఆ ఏడాది మేము వరండాలో మాట్లాడినవేవీ తప్పు కావు. వయసు, మోకాళ్ళు, గోల్స్, రేపటి సంగతి, అన్నీ చూడవలసినవే. చూడనిది ఒక్కటే. ఆ మనిషి అప్పటికే ఎవరికి మాటిచ్చి ఉన్నాడో కనుక్కోలేదు. ఆ ప్రశ్న మొదట అడిగితే సగం చర్చలు అక్కడే ముగిసిపోతాయి. కమిటీల్లో దాన్ని ఎవరూ ఎందుకు అడగరో నాకు అప్పుడే అర్థమైంది.